ఇంటిమీద సోలారు పలకలు: అప్పు చేయుటకు ముందు వేయవలసిన లెక్క

మన గ్రామములలో నిప్పుడొక మాట తరచుగా వినవచ్చుచున్నది. "మిద్దెపై పలకలు పెట్టించిన చాలును, కరెంటు బిల్లు ఇక నుండదు, సూర్యుడు కాయునంతకాలము ఖర్చులేని దీపము" అని చెప్పి, కాగితములపై సంతకములు చేయించుకొని పోవువారు ఊరూర తిరుగుచున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు గాని, ఉన్నది సగము నిజమే. సూర్యుడు వెల యడుగడు; పలకలమ్మువాడు అడుగును. వానికిచ్చుటకై మనము తెచ్చిన సొమ్ముకు అప్పిచ్చినవాడు వడ్డీ యడుగును.

పలకలు పెట్టించుట లాభమా, నష్టమా యని సభ్యులు పలువురు మమ్ములను ప్రశ్నించుచున్నారు. దీనికి ఒక్కమాటలో జవాబు చెప్పుట సాధ్యము కాదు. ఒకే వీధిలో, ఒకే ధరకు, ఒకే పలకలు పెట్టించిన ఇద్దరు రైతులలో ఒకరికి అయిదేండ్లలో పెట్టుబడి తిరిగి రావచ్చును. రెండవవారికి వచ్చిన మిగులు వడ్డీకైనను చాలకపోవచ్చును. ఈ భేదము ఎచ్చట పుట్టుచున్నదో చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. పొలములోని మోటారు సంగతి వేరు. ఇచ్చట మేము చెప్పునది ఇంటి కరెంటును గూర్చి మాత్రమే. సభ్యులు తమ బిల్లును చేతబట్టుకొని దీనిని చదువుకొనవలెనని కోరుచున్నాము.

పలకలు చేయు పని

సిలికాను పలకపై ఎండ పడినపుడు విద్యుత్తు పుట్టును. ఉపయోగమునకు తగిన తొలి సిలికాను ఘటమును 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చూపిరి. చాలకాలము దాని వెల ఆకాశములో తిరుగు కృత్రిమోపగ్రహములకే తగినదిగా నుండెను. 2010 తరువాత పది సంవత్సరములలో పలకల ధర సుమారు పదవవంతునకు దిగినందుననే ఈ ప్రశ్న నేడు మన గుమ్మమువరకు వచ్చినది.

వేయి వాట్ల సామర్థ్యమును ఒక కిలోవాటు అందురు. వేయి వాట్ల పరికరము ఒక గంట నడచిన ఖర్చగు విద్యుత్తు ఒక యూనిటు. ఒక కిలోవాటు పలకలకు నీడ పడని చోటు సుమారు నూరు చదరపుటడుగులు కావలెను. మన ప్రాంతపు ఎండకు అవి సగటున దినమునకు నాలుగు యూనిట్లు ఇచ్చును. మబ్బులు, దుమ్ము, వానకాలపు తక్కువ దినములు లెక్కలోనికి తీసికొని, నెలకు 110 యూనిట్లని మాత్రమే మేము ఈ వ్యాసమున పరిగణించితిమి. పెట్టుబడి లెక్కలో ఆదాయమును తగ్గించియు, ఖర్చును పెంచియు చూచుకొనుట క్షేమము.

పగలు పుట్టిన విద్యుత్తులో ఇంటిలో వాడుకొనగా మిగిలినది వీధితీగలోనికి పోవును. రాత్రి మనకు కావలసినది ఆ తీగనుండియే వచ్చును. పోయినదానిని, వచ్చినదానిని రెండింటిని చూపు మీటరును అమర్చి, తేడాకు మాత్రమే బిల్లు వేయుదురు. ఇట్లు తీగయే మనకు గాదెవలె ఉపయోగపడును.

ఇచ్చట ఒక సంగతి ముందుగానే తెలిసికొనవలెను. వీధిలో కరెంటు పోయినపుడు, ఎంత మంచి ఎండ కాయుచున్నను, ఈ రకపు పలకలు కూడ ఆగిపోవును. తీగపై మరమ్మతు చేయుచున్న మనిషికి ప్రాణాపాయము కలుగకుండుటకై అట్లు ఏర్పాటు చేసిరి. కరెంటు పోవు బాధ తప్పించుకొనుటకే పలకలు పెట్టించినవారు ఇది తెలియక చింతించుట కలదు. ఆ బాధ తప్పవలెనన్న బ్యాటరీ వేరుగా కావలెను. దాని ఖర్చు వేరు.

ప్రభుత్వ సహాయము

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము కోటి ఇండ్లకు పలకలు సమకూర్చు ఉద్దేశముతో 75,021 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. దీనికి ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమని పేరు. దాని ప్రకారము ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేక అంతకుమించి ఎన్ని కిలోవాట్లయినను 78,000 రూపాయలు సహాయముగా లభించును. దేశములో తయారైన పలకలకే ఈ సహాయము వర్తించును.

అయితే ఈ సొమ్ము ముందుగా రాదు. పలకలు బిగించి, మీటరు అమర్చి, పరీక్ష జరిగిన పిమ్మట సభ్యుని బ్యాంకు ఖాతాలో పడును. అంతవరకు పూర్తి వెల మన చేతినుండి గాని, అప్పుగా గాని పెట్టవలసినదే. లెక్క వేయువారు ఈ నడిమి కాలమును మరువరాదు.

ధరల మెట్లు

ఇక అసలు విషయమునకు వత్తుము. ఇంటి కరెంటు ధర అందరికి ఒకటి కాదు. అది మెట్లుగా నున్నది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరమునకు నిర్ణయించిన ధరలు ఇట్లున్నవి: నెలలో మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు, 31 మొదలు 75 వరకు 3 రూపాయలు, 76 మొదలు 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 126 మొదలు 225 వరకు 6 రూపాయలు, 226 మొదలు 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. సభ్యులు తమ తాజా బిల్లుపైనున్న ధరలను వీనికి బదులుగా వేసికొని లెక్క చూచుకొనవచ్చును. పద్ధతి మారదు.

పలకలు బిల్లును క్రిందినుండి గాక పైమెట్టునుండి తగ్గించుకొని వచ్చును. గడ్డివామి పైనుండి మోపు తీసినట్లు, మొదట పోవునవి మిక్కిలి ప్రియమైన యూనిట్లు. చివరకు మిగులునవి మిక్కిలి చౌకయైనవి. ఈ ఒక్క సూత్రము తెలిసినవారు మోసపోరు.

మూడు ఇండ్ల లెక్క

లెక్క కొఱకు మేము ఒక కిలోవాటు పలకలకు 65,000 రూపాయలు, రెంటికి 1,25,000, మూటికి 1,80,000 ఖర్చగునని భావించితిమి. సభ్యులు తమకు వచ్చిన ధరపట్టికను బట్టి ఈ అంకెలను మార్చుకొనవలెను. సహాయము పోగా చేతిఖర్చు వరుసగా 35,000, 65,000, 1,02,000 రూపాయలగును. నెలనెల తప్పని స్థిరపు రుసుములు, సర్దుబాటు రుసుములు ఈ లెక్కలో చేర్చలేదు.

మొదటి ఇల్లు. నాలుగు దీపములు, రెండు ఫ్యానులు, ఒక టెలివిజను ఉన్న చిన్న ఇల్లు. నెలకు 70 యూనిట్లు. బిల్లు 177 రూపాయలు. సంవత్సరమునకు 2,124 రూపాయలు. ఒక కిలోవాటు పెట్టించిన బిల్లంతయు పోవును, నిజమే. కాని 35,000 రూపాయల అప్పుపై నూటికి సాలుకు 7 చొప్పున వడ్డీయే 2,450 రూపాయలు. మిగిలినది వడ్డీకి చాలదు. అసలు ఎన్నటికి తీరును? ఎక్కువైన యూనిట్లకు పంపిణీ సంస్థ కొంత వెల కట్టవచ్చును. యూనిటుకు రెండు రూపాయలు వచ్చునని అనుకొన్నను అది సంవత్సరమునకు 960 రూపాయలే. అప్పుడు వడ్డీ పోగా మిగులునది 634 రూపాయలు. ఈ ఇంటివారు అప్పు చేసి పలకలు పెట్టించుట తగదని మేము స్పష్టముగా చెప్పుచున్నాము.

రెండవ ఇల్లు. ఫ్రిజ్జు, నీటిమోటారు, నాలుగైదు ఫ్యానులు ఉన్న ఇల్లు. నెలకు 200 యూనిట్లు; బిల్లు 867 రూపాయలు. ఒక కిలోవాటు పెట్టించినచో 110 యూనిట్లు పైనుండి పోయి 90 మిగులును. వానికి బిల్లు 259 రూపాయల 50 పైసలు. నెలకు మిగులు 607 రూపాయల 50 పైసలు, సంవత్సరమునకు 7,290. పెట్టుబడి 35,000 అయిదేండ్లలోపుగానే తిరిగి వచ్చును. "ఎట్లును పెట్టించుచున్నారు గదా, రెండు కిలోవాట్లు పెట్టించుడు" అని అమ్మకందారు చెప్పును. ఆ రెండవ కిలోవాటుకు అదనపు ఖర్చు 30,000. దానివలన అదనముగా మిగులునది సంవత్సరమునకు 3,114 రూపాయలు మాత్రమే. అది తిరిగి వచ్చుటకు తొమ్మిదేండ్లు దాటును. మొదటి కిలోవాటు ప్రియమైన యూనిట్లను తీసివేసినది. రెండవది చౌకవానిని తీసివేయుచున్నది. తేడా అదియే.

మూడవ ఇల్లు. ఏ.సి. యంత్రము గల పెద్ద కుటుంబము. నెలకు 300 యూనిట్లు. బిల్లు 1,673 రూపాయల 25 పైసలు. రెండు కిలోవాట్లు పెట్టించినచో సంవత్సరమునకు 17,505 రూపాయలు మిగులును. 65,000 పెట్టుబడి నాలుగేండ్లలోపు తిరిగి వచ్చును. మూడు కిలోవాట్లయిన మిగులు 20,079; తిరిగి వచ్చుటకు అయిదేండ్లు. ఇచ్చటను చిన్నదే మేలు.

కొందరికి ప్రభుత్వము కొన్ని యూనిట్లు ఉచితముగా నిచ్చుచున్నది. తెలంగాణములో 2024లో మొదలైన గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన కుటుంబములకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. బిల్లే లేని ఇంటికి పలకలు మిగుల్చునది ఏమియు లేదు. అట్టివారు ఎవరో చెప్పిరని అప్పుపత్రముపై సంతకము చేయుట తమంత తాము భారమును నెత్తికెత్తుకొనుటయే యగును.

వడ్డీయే తేల్చును

రెండవ ఇంటి లెక్క మంచిదని చెప్పితిమి. కాని ఆ మంచి కూడ సొమ్ము తెచ్చిన చోటునుబట్టి యుండును. అదే 35,000 రూపాయలు, అదే 7,290 మిగులు తీసికొని చూతము.

2024లో ఈ పథకమునకై బ్యాంకులు సుమారు నూటికి 7 వడ్డీకి, తాకట్టు లేకుండ అప్పులిచ్చినవి. ఆ వడ్డీకి తెచ్చి, మిగిలినదంతయు అప్పునకు కట్టినచో, ఆరేండ్లు గడచుసరికి నాలుగు వందలలోపు మాత్రమే బాకీ నిలుచును. నెలకు నూటికి రూపాయి, అనగా సాలుకు 12 వడ్డీ అయినచో ఎనిమిదవ యేట తీరును. నూటికి రెండు రూపాయల వడ్డీకి షావుకారువద్ద తెచ్చినచో సంవత్సరపు వడ్డీయే 8,400. పలకలు మిగుల్చునది 7,290. ఎన్ని యేండ్లు గడచినను ఆ బాకీ పెరుగుటయే కాని తరుగుట లేదు. అవే పలకలు, అదే ఎండ, అదే ఇల్లు. ఒకరికి ఆస్తి, మరియొకరికి ఉరి.

మన దేశములో 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది రైతును ఈ వడ్డీనుండి తప్పించుటకే. ఆనాడు ఎద్దులకు, విత్తనములకు చెప్పిన మాటయే నేడు సోలారు పలకలకును చెల్లును.

దీనికి తోడు మరమ్మతు ఖర్చు కలదు. పలకలు ఇరువదియైదేండ్లు నిలుచునని, అప్పటికి శక్తి కొంత తగ్గియుండునని తయారుచేయువారు హామీ యిత్తురు. కాని పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చు ఇన్వర్టరు అంతకాలము నిలువదు. పదియేండ్ల ప్రాంతమున దానిని మార్చవలసి రావచ్చును. ఇందులకై ఏటేట వేయి రూపాయలు ప్రత్యేకించినచో, నూటికి 7 వడ్డీకి తెచ్చిన రెండవ ఇంటి అప్పు కూడ ఎనిమిదవ యేటగాని తీరదు. అయినను అది మంచి లెక్కయే; ముందు తెలిసియుండుట ముఖ్యము.

పలకలకంటె ముందు ఫ్యానులు

తూమునకు గండి పడియుండగా చెరువునకు కొత్త కాలువ త్రవ్వువాడు తెలివిగలవాడు కాడు. ఇంటిలో వృథా పోవుచున్న కరెంటును ముందు ఆపవలెను.

పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనును. బి.ఎల్.డి.సి. అను కొత్తరకపు ఫ్యాను అదే గాలికి 30 వాట్ల ప్రాంతమున తీసికొనును. మూడు ఫ్యానులు దినమునకు పండ్రెండు గంటలు తిరిగినచో పాతవానికి నెలకు 81 యూనిట్లు, కొత్తవానికి 32 యూనిట్లు ఖర్చగును. మిగులు సుమారు 49 యూనిట్లు. రెండవ ఇంటివారికి అవి ఆరు రూపాయల మెట్టులోని యూనిట్లు. నెలకు 290 రూపాయలకు పైగా మిగులును. మూడు ఫ్యానులకు 9,000 రూపాయలగునని అనుకొన్నను, ఎండకాలమును చేర్చి ఎనిమిది నెలలే తిరిగినను, నాలుగేండ్లలో సొమ్ము తిరిగి వచ్చును. మిద్దె కావలెనను పని లేదు, మీటరు మార్చు పని లేదు. పాత గుండ్రని దీపములు 60 వాట్లవి ఇంకను ఉన్నచో వానిని 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములుగా మార్చుట అంతకంటె ముందు చేయదగినది.

ఇట్లు చేసిన పిమ్మట ఎన్ని యూనిట్లు కావలెనో చూచి, దానికి తగిన పలకలు పెట్టించుట క్రమము. కొందరికి అప్పుడు పలకల అవసరమే యుండదు.

తీగ రాని చోటు

2017లో మొదలైన సౌభాగ్య పథకముతో మన గ్రామములలో దాదాపు అన్ని ఇండ్లకును తీగ వచ్చినది. కాని కొండలమీది కొన్ని గూడెములలోను, ఊరికి దూరముగా నున్న పొలపు పాకలలోను నేటికిని దీపపు సమస్య కలదు. అచ్చట లెక్క వేరు.

50 వాట్ల పలక, ఒక బ్యాటరీ, మూడు నాలుగు దీపములు గల చిన్న సరంజామా సంవత్సరమునకు సుమారు 73 యూనిట్లు ఇచ్చును. దానికి 12,000 రూపాయలు, నడుమ బ్యాటరీ మార్పుకు 3,000 అయినచో, పదియేండ్లలో యూనిటు ఇరువది రూపాయలకు పైగా పడును. తీగ కరెంటుతో పోల్చిన ఇది మిక్కిలి ప్రియము. కాని ఆ పాకలో పోలిక తీగతో కాదు. కిరసనాయిలు బుడ్డితోను, చీకటితోను, పాము భయముతోను. అట్టిచోట ఇరువది రూపాయల యూనిటు కూడ చౌకయే.

ఈ విషయమున బంగ్లాదేశ్ అనుభవము గమనింపదగినది. అచ్చట 2003 మొదలు చిన్న కిస్తులపై ఇంటి సోలారు దీపములు పంచి, పదునైదేండ్లలో నలుబది లక్షలకు పైగా ఇండ్లకు చేర్చిరి. పేదరైతు కొంత సొమ్ము ముందు చెల్లించి, మిగిలినది రెండు మూడేండ్లలో కట్టెను. ప్రపంచములో ఇంత పెద్ద ప్రయత్నము అరుదు. కాని వీధితీగ ఊరూరికి త్వరగా రాసాగినపుడు కొత్తగా కొనువారు తగ్గిరి. కొనినవారు కొందరు కిస్తులు కట్టుట మానిరి. అప్పిచ్చిన సంస్థలకు వసూలు కష్టమైనది. దీపము చెడ్డది కాదు. తీగ ఎప్పుడు వచ్చునో విచారింపక అప్పిచ్చుట చెడ్డది. ఇది అప్పు తీసికొనువానికంటె అప్పిచ్చు సంఘమునకు చెప్పవలసిన పాఠము.

కొన్ని జాగ్రత్తలు

పెంకుటింటిపైనను, తాటాకుటింటిపైనను ఈ బరువు నిలుపరాదు. మిద్దె లేనివారు దొడ్డిలో నీడ లేని చోట ఇనుప స్తంభములపై నిలుపుకొనవచ్చును. పలకలు దక్షిణముఖముగా, కొంచెము వాలుగా నుండవలెను. కొబ్బరిచెట్టు నీడ ఒక్క పలకపై పడినను దానితో కలిపిన తక్కిన పలకల పని కూడ తగ్గవచ్చును. 2014లో హుద్‌హుద్ గాలివానను చూచిన కోస్తా జిల్లాలవారికి బోల్టుల గట్టితనమును గూర్చి మేము చెప్పనక్కరలేదు. దుమ్మును నెలకు రెండుమారులైనను చల్లనివేళ నీటితో కడుగవలెను. పథకములో నమోదైన అమ్మకందారువద్దనే కొని, మరమ్మతు బాధ్యత ఎన్నేండ్లో, ఎవరిదో కాగితముమీద వ్రాయించుకొనవలెను. నోటిమాట గాలికి పోవును.

సంఘము చేయదగిన పని

విద్యుత్తు విషయములో సహకారము మనకు కొత్త కాదు. సిరిసిల్లలో 1970లోనే సహకార విద్యుత్ సరఫరా సంఘము ఏర్పడి గ్రామములకు తీగలు లాగినది. గుజరాతులో ఖేడా జిల్లాలోని ధుండి గ్రామమున 2016లో రైతులు ఆరుగురు సంఘముగా చేరి, పొలములలో సౌరశక్తి పంపులు పెట్టి, మిగిలిన విద్యుత్తును యూనిటు 4 రూపాయల 63 పైసల చొప్పున ఇరువదియైదేండ్ల ఒప్పందముపై పంపిణీ సంస్థకు అమ్మసాగిరి. ఒక్కొక్కరుగా పోయినచో వినని సంస్థ, సంఘముగా పోయినపుడు వినును.

ప్రతి గ్రామసంఘము మూడు పనులు చేయవచ్చునని మా అభిప్రాయము. మొదటిది, అప్పు కోరిన సభ్యుని పండ్రెండు నెలల బిల్లులు తెప్పించి, పైని లెక్క వేసి చూపుట. సంవత్సరపు మిగులు వడ్డీకిని మరమ్మతునకును పోగా అసలులో కొంతయైనను తీర్చనిచో, ఆ అప్పు ఇవ్వకుండుటయే సభ్యునికి చేయు మేలు. రెండవది, ప్రభుత్వ సహాయము వచ్చువరకు కావలసిన నడిమి సొమ్మును తక్కువ వడ్డీకి సమకూర్చి, సహాయము రాగానే జమ కట్టుకొనుట. షావుకారు చేతికి రైతు పోవునది ఈ నడిమి నెలలలోనే. మూడవది, పది ఇరువదిమందికి ఒక్కసారి బేరమాడి ధర తగ్గించుట, ఊరి యువకు లిద్దరికి మరమ్మతు నేర్పించుట. కిస్తులు నెలనెల గాక, పంట చేతికి వచ్చు కాలమునకు సరిపెట్టినచో వసూలును సులభమగును.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. ఈ దీపము విషయములో దానిని వెలిగించుటకు ముందే లెక్క చక్కబెట్టుకొనవలెను. వచ్చు నెల సంఘపు సమావేశమునకు సభ్యులు తమ సంవత్సరపు బిల్లులను వెంట తేవలెను. ప్రతియొక్కరి లెక్కను వారి యెదుటనే వేసి చూపుటకు మేము సిద్ధముగా నుందుము.